పార్కు ప్లానులో ముందు నడిచేవాళ్ళ దారి గీయండి

బాపులపాడు గ్రామ పంచాయతీ పాలకవర్గానికి, కార్యదర్శి గారికి,



హనుమాన్ జంక్షన్ చుట్టూ లేఅవుట్లు పడ్డాయి. ఏలూరు వైపు, నూజివీడు రోడ్డు మీద, గుడివాడ రోడ్డు మీద ఎటు చూసినా రంగు వేసిన హద్దురాళ్ళు కనిపిస్తాయి. 2017 నాటి రాష్ట్ర లేఅవుట్ నిబంధనల ప్రకారం అలాంటి ప్రతిచోటా కనీసం పదో వంతు స్థలం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు రాసివ్వాలి. అలా వచ్చిన జాగా ఊరిది, దాని మంచిచెడ్డలు చూడాల్సింది మీరు. కాగితాల్లో ‘పార్కు’ అని రాసి ఉన్న చోట నేల మీద తుమ్మ తుప్పలు, ఇల్లు కట్టినవాళ్ళు వదిలేసిన సిమెంటు పెళ్ళలు, కంకర కుప్పలు ఉండటం మన ఒక్క ఊరికే పరిమితమైన సంగతి కాదు.

అలాంటి స్థలాల్లో ఒకదాన్ని నిజంగా పార్కు చేసే రోజున, అందులో చిన్న డిస్క్ గోల్ఫ్ ఆటస్థలం కూడా పెట్టమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. అయితే ఆట పెట్టమని అడగడం సగం పనే. ఎలా పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో చెప్పడం మిగతా సగం, నాకు ఎక్కువ పట్టింపు ఉన్న సగం. సరిగ్గా పెట్టలేని జాగా అయితే అసలు పెట్టవద్దనే నేను అడుగుతాను.

ఆట తెలియనివారి కోసం ముందు రెండు మాటలు. గోల్ఫ్‌లో బంతిని కర్రతో కొట్టి గుంటలోకి పంపిస్తారు. ఇందులో బంతి బదులు 21 సెంటీమీటర్ల వెడల్పుండే ప్లాస్టిక్ డిస్క్, గుంట బదులు ఇనుప గొట్టానికి బిగించిన బుట్ట ఉంటాయి. బుట్ట మీద గొలుసులు వేలాడుతుంటాయి. విసిరిన డిస్క్ గొలుసులకు తగిలి, వేగం చచ్చి, బుట్టలో పడుతుంది. మొదటి విసురు కాంక్రీటు దిమ్మె మీద నుంచి, రెండోది డిస్క్ పడిన చోటి నుంచి, అలా బుట్టలో పడేదాకా. దిమ్మె నుంచి బుట్ట దాకా ఉన్న జాగాని ‘హోల్’ అంటారు, అలాంటివి కొన్ని కలిస్తే ‘కోర్సు’. ఎవరు తక్కువ విసుర్లలో ముగిస్తే వాళ్ళు గెలిచినట్టు.

ఫ్రిస్బీలు తయారుచేసే వామ్-ఓ కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ అనే ఆయన 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఈ ఆటకి మొదటి శాశ్వత కోర్సు వేశారు. అంతరిక్ష నౌకలు తయారయ్యే జెట్ ప్రొపల్షన్ లేబరేటరీకి ఆ పార్కు పక్కనే. మొదట్లో అక్కడ బుట్టల్లేవు, నిలువు స్తంభాలే గురి. డిస్క్ స్తంభానికి తగిలిందా, పక్కనుంచి పోయిందా అన్న వాదన తెగేది కాదు. ఆ గొడవ తీరేలా ఆయన గొలుసుల బుట్ట తయారుచేసి 1977లో దానికి పేటెంటు పొందారు. అంతకు ముందు ఏడాదే పీడీజీఏ అనే క్రీడాసంఘాన్ని కూడా స్థాపించారు. ఇవాళ ప్రపంచంలో ఇలాంటి కోర్సులు 15 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో చాలావాటిని పురపాలక సంఘాలే పార్కుల్లో వేయించాయి, ఆడుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. 55 లక్షల జనాభా ఉన్న ఫిన్లాండ్‌లోనే వెయ్యి దాకా ఉన్నాయి.

మనవాళ్ళలో కొందరికి ఇది చూసిన ఆటే. పిల్లల దగ్గరికని డల్లాస్‌కో, ఆస్టిన్‌కో, షార్లెట్‌కో వెళ్ళి ఆరు నెలలు ఉండివచ్చిన అమ్మానాన్నలు పొద్దున్నే పార్కులో నడుస్తూ ఆ గొలుసుల బుట్టలు చూసే ఉంటారు. అవి ఏమిటో ఎవరినీ అడిగి ఉండకపోవచ్చు.

మన ఊరికి ఈ ఆట ఎందుకంటారా? సాయంత్రం పూట ఊళ్ళో ఏ ఖాళీ జాగా చూసినా క్రికెట్టో వాలీబాలో నడుస్తుంటుంది. ఆడేవాళ్ళందరూ కుర్రాళ్ళు. వాళ్ళు ఆడుకోవాలి, అందులో తప్పేమీ లేదు. కానీ హైస్కూలు దాటిన ఆడపిల్లకి ఊళ్ళో ఆడటానికి ఏముంది? నలభై దాటిన ఆడవాళ్ళకి? మోకాళ్ళు పట్టేసి పరిగెత్తలేని పెద్దాయనకి? పార్కులో వాళ్ళకి మనం ఇచ్చేది నడక దారి, సిమెంటు బల్ల. డిస్క్ గోల్ఫ్‌కి జట్టు అక్కర్లేదు, పరుగు అక్కర్లేదు, ప్రత్యేకమైన బట్టలు అక్కర్లేదు. ఒక్కరే ఆడుకోవచ్చు. తాతా మనవరాలూ కలిసి ఆడుకోవచ్చు, అందులో మనవరాలు గెలవొచ్చు కూడా. చీర కట్టుకున్నవాళ్ళు నడకలో భాగంగానే ఆడేయొచ్చు. ఒకే ఆటలో ఇంతమందికి చోటివ్వగలిగినవి తక్కువ.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ డిస్క్ పిల్లలు ఆడుకునే పల్చటి ఫ్రిస్బీ కాదు. బరువు 150 నుంచి 175 గ్రాముల దాకా ఉంటుంది. దూరం పోవడానికి చేసిన ‘డ్రైవర్’ రకానికి అంచు సన్నగా, గట్టిగా ఉంటుంది. చేయి తిరిగిన ఆటగాడు విసిరితే గంటకి వంద కిలోమీటర్లు దాటిన వేగంతో వెళుతుంది. మన చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడుతుంటే బిళ్ళ కంట్లో తగులుతుందని పెద్దవాళ్ళు కేకలేసేవాళ్ళు. ఆ భయం ఎంత న్యాయమైనదో ఇక్కడా అంతే.

ఆడటానికి వచ్చినవాడు ఆ ప్రమాదం తెలిసి వస్తాడు. చూపు ఆట మీదే ఉంటుంది, తప్పుకోగలడు. పక్కన నడక దారిలో వెళ్ళే ఆవిడ అలా రాలేదు. ఫోన్లో కూతురితో మాట్లాడుకుంటూ, వీపు ఆటవైపు పెట్టి నడుస్తుంటుంది. అక్కడ ఆట జరుగుతోందన్న సంగతి కూడా ఆవిడకి తెలియకపోవచ్చు. తెలుసుకోవాల్సిన బాధ్యత ఆవిడ మీద పెట్టడం న్యాయం కాదు. ఆట నియమాలే ఈ మాట చెబుతున్నాయి: విసురు వల్ల ఎవరికైనా దెబ్బ తగిలే అవకాశం ఉంటే ఆటగాడు విసరకూడదని పీడీజీఏ నియమావళిలో ఉంది. కానీ నియమం పుస్తకంలో ఉంటే సరిపోదు. పన్నెండేళ్ళ కుర్రాడు ఉత్సాహంలో ఉన్నప్పుడు నియమం గుర్తుండదు. అందుకే ఆ కుర్రాడు మరిచిపోయినా ఎవరికీ దెబ్బ తగలని విధంగా నేలను సర్దాలి. ఆ పని ప్లాను గీసేటప్పుడే జరగాలి, బోర్డులు పెట్టేటప్పుడు కాదు.

దీనికి ఒకటే సూత్రం. ప్లాను గీసే ఇంజనీరు మంచి విసురు ఎక్కడ పడుతుందో ఆలోచించి గీత గీయకూడదు. చెడ్డ విసురు ఎక్కడ పడుతుందో ఆలోచించి గీయాలి. ఆ చెడ్డ విసురు అందేంత దూరంలో ఆట ఆడనివాళ్ళు ఉండే చోటు ఏదైనా ఉంటే, ఆ హోల్ అక్కడ ఉండకూడదు.

చెడ్డ విసురు ఎటు పోతుందో ముందే చెప్పొచ్చు. కుడిచేతి వాటం మనిషి చేతిని ఎడమ పక్క నుంచి ఛాతీ మీదుగా తెచ్చి విసిరితే, వేగం తగ్గే కొద్దీ డిస్క్ ఎడమకి ఒరిగిపోతుంది. ఎడమచేతి వాటం వాళ్ళది కుడికి. కుడిచేతి వాటం కొత్తవాళ్ళు ఆలస్యంగా వదిలితే మొదట్లోనే కుడికి దూసుకుపోతుంది, తొందరపడి వదిలితే ఎడమకి. అంటే రెండు పక్కలా ఖాళీ కావాలి. నా లెక్క ఇలా ఉంది: దిమ్మె నుంచి బుట్టకి 35 మీటర్లు, బుట్ట వెనక 20 మీటర్లు, గురి గీతకి ఇటు 15 అటు 15 మీటర్లు. మొత్తం 55 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. మన కొలతలో చెప్పాలంటే ఒక్క హోల్‌కి 41 సెంట్లు. ఎకరం స్థలంలో నడక దారి పోను రెండు హోల్స్ పడతాయి. రెండే.

పూర్తి స్థాయి కోర్సుకి హోల్‌కి దాదాపు ఎకరం చొప్పున చూసుకోవడం ఆ రంగంలో వాడుక. నేను చెప్పేది అందులో సగం కూడా కాదు, ఎందుకంటే నేను అడుగుతున్నది చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు, కొత్తవాళ్ళు ఆడే చిన్న ఆట. ఈ తగ్గింపు చెల్లాలంటే డిస్కుల విషయంలో ఒక కట్టుబాటు ఉండాలి, దాని గురించి తర్వాత రాస్తాను. ఈ లోగా ఎవరైనా కాంట్రాక్టరు ఎకరంలో తొమ్మిది హోల్స్ పెట్టిస్తానని కాగితం పట్టుకొస్తే దయచేసి సంతకం పెట్టకండి. తొమ్మిది అన్న అంకె ప్రారంభోత్సవం ఫ్లెక్సీ మీద బాగుంటుంది. ఒకరి విసురు దారి ఇంకొకరి నెత్తి మీదుగా పోతే ఆ అంకెకి విలువ లేదు. రెండు హోల్స్‌ని నాలుగైదు సార్లు చుట్టి ఆడుకున్నా ఆట ఆటే.

ఎకరం కూడా లేదు, ముప్పై సెంట్ల ముక్కే ఉంది అనుకోండి. అప్పుడు హోల్స్ వద్దు. మధ్యలో ఒక్క బుట్ట పెట్టి, చుట్టూ పది మీటర్ల దూరంలో వలయం గీయండి. ఆటలో చివరి విసురు అభ్యాసం చేసేది ఆ పది మీటర్ల లోపలే. వలయం మేరకు ఎనిమిది సెంట్లు పడుతుంది, మిగతాది డిస్క్ దొర్లిపోవడానికి ఖాళీగా వదలాలి. బలం పెట్టి విసిరే పని లేదు కాబట్టి ప్రమాదం చాలా తగ్గుతుంది. చిన్నపిల్లలకి ఎక్కువ ఇష్టమయ్యేది కూడా ఇదే, గొలుసుల చప్పుడు వెంటవెంటనే వినిపిస్తుంది.

దిక్కు గురించి ఒక మాట. క్రికెట్ పిచ్‌ని ఉత్తర దక్షిణాలుగా వేస్తారని మన కుర్రాళ్ళకి తెలుసు. ఇక్కడా అదే చేయాలి. మన ఎండల్లో ఈ ఆట ఆడేది పొద్దున్న ఎనిమిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత. ఆ రెండు వేళల్లోనూ సూర్యుడు కళ్ళకి ఎదురుగా ఉంటాడు. తూర్పుకో పడమరకో విసిరే హోల్ ఉంటే ఒక పూట విసిరేవాడికి ఎదురుగా ఎవరున్నారో కనిపించదు, ఇంకో పూట తన వైపు వచ్చే డిస్క్ అవతలివాడికి కనిపించదు. గాలి కూడా చూసుకోవాలి. ఎదురుగాలిలో విసిరిన డిస్క్ పైకి లేచి దారి తప్పుతుంది. వేసవి సాయంత్రాల్లో దక్షిణం నుంచి పైరగాలి వీచే మన ప్రాంతంలో, దక్షిణం వైపు విసిరే హోల్‌కి రెండు పక్కలా ఇంకాస్త చోటు వదలడం మంచిది.

ఇప్పుడు నడక దారి. మన పార్కుల్లో అది చుట్టూ ప్రహరీ వెంబడే ఉంటుంది. ఆ దారికి దగ్గరగా దిమ్మెలు కట్టి, విసురు పార్కు లోపలి వైపు ఉండేలా పెడితే, నడిచేవాళ్ళు విసిరేవాడి వీపు వెనక ఉంటారు. అది మొదటి రక్షణ. బుట్ట వెనక 20 మీటర్ల తర్వాత మళ్ళీ నడక దారే వస్తుంది కదా అంటారేమో, వస్తుంది. అక్కడ నిలువెత్తు గోరింట కంచె పెంచండి. గోరింట మన నేలలో నీళ్ళు పెద్దగా అడగకుండా పెరుగుతుంది, కత్తిరించే కొద్దీ గుబురెక్కుతుంది, డిస్క్‌ని ఆపుతుంది. ఆషాఢంలో ఆకు కోసం వచ్చే ఆడపిల్లలకి వేరే లాభం. కంచె ఎదిగేదాకా క్రికెట్ వల కట్టి ఉంచాలి. ఎదగకముందే ఆట మొదలుపెడితే కంచె ఉన్నా లేనట్టే.

రోడ్డు వైపు విసిరే హోల్ అసలే వద్దు. డిస్క్ బైకు మీద వెళ్ళేవాడికి తగిలితే వాడు పడతాడు. తగలకపోయినా, దాని వెనక పిల్లాడు రోడ్డు మీదికి పరిగెత్తుకొస్తాడు. నాలుగు వైపులకీ బస్సులూ లారీలూ పోయే కూడలి మనది. ఈ ఒక్క సంగతిలో రాజీ ఉండకూడదు. ఉయ్యాలలు, జారుడుబల్ల, వ్యాయామ పరికరాలు పార్కులో వేరే మూలకి పోవాలి, వాటికీ ఆటకీ మధ్య కనీసం ఒక హోల్ పొడవంత ఎడం ఉండాలి.

పై దేశాల పుస్తకాల్లో దొరకని రెండు ప్రమాదాలు మన దగ్గర ఉన్నాయి. మొదటిది ట్రాన్స్‌ఫార్మర్. లేఅవుట్ వేసేటప్పుడు దాన్ని తరచూ పార్కు మూలకే తోస్తారు. చుట్టూ ఇనుప కంచె ఉంటుంది, తలుపుకి తాళం ఉండదు, లేదా కంచె ఒక పక్క వంగి ఉంటుంది. డిస్క్ అందులో పడిందనుకోండి. పదేళ్ళ పిల్లాడు ఏం చేస్తాడు? ఎవరూ చూడకుండా లోపలికి దూరి తెచ్చుకోబోతాడు. కొత్త డిస్క్ పోగొట్టుకుంటే ఇంట్లో తిడతారన్న భయం వాడికి కరెంటు భయం కంటే ఎక్కువ. అందుకని ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వైపు విసిరే హోల్ ఉండకూడదు, డిస్క్ ఎంత దారి తప్పినా అక్కడికి చేరని దూరం ఉండాలి. విద్యుత్ సిబ్బందిని ప్లాను దశలోనే పిలిచి, కంచె బాగుచేయించి, తాళం వేయించండి. పైన తీగలు వెళ్ళే చోట కూడా హోల్ వద్దు. తీగకి చిక్కిన డిస్క్ కోసం వెదురు గడ తెచ్చేవాళ్ళు ఉంటారు.

రెండోది పాములు. ఈ ఆటలో డిస్క్ పడిన చోటికి వెళ్ళి వంగి తీయాలి. తుప్పలో పడితే తుప్పలో చేయి పెట్టాలి. రక్తపింజర, తాచు, కట్లపాము మన పొలాల్లో, గట్ల మీద తిరిగేవే, సాయంత్రం చల్లబడ్డాక బయటికి వచ్చేవే. కాబట్టి విసురు దారికి రెండు పక్కలా నేను చెప్పిన 15 మీటర్లలో గడ్డి చీలమండ ఎత్తు దాటకూడదు. తుమ్మ తుప్పలు కొట్టేయడం కాదు, వేళ్ళతో తీయించాలి. వానాకాలంలో గడ్డి కోయించే మనిషికి డబ్బు బడ్జెట్లో ఏటా రాసుకోండి. కోయించలేని నెలల్లో ఆట మూసేయండి. కంచె మొదళ్ళలో ఆకులు, చెత్త పోగుపడకుండా చూడాలి. డిస్క్ తీయడానికి చివర కొక్కెం ఉన్న పొడవాటి కర్ర ఒకటి ప్రతి దిమ్మె దగ్గరా ఉంచితే ఇంకా మంచిది.

ఇక మామిడి. జంక్షన్‌కి ఉత్తరాన నూజివీడు మెట్ట, దక్షిణాన డెల్టా. మెట్ట వైపు లేఅవుట్లలో తోట కొట్టేసినా పార్కు జాగాలో పాత మామిడి చెట్టు ఒకటో రెండో మిగలవచ్చు. వాటిని నరకవద్దని మొదట వేడుకుంటున్నాను. ఆ నీడ మళ్ళీ రావాలంటే ఒక తరం పడుతుంది. కానీ వాటిని ఆటలో అడ్డుగా వాడుకునే ఆలోచన కూడా చేయవద్దు. విదేశాల్లో కోర్సులు గీసేవాళ్ళు చెట్లని ఇష్టంగా వాడతారు, డిస్క్‌ని ఏ పక్కనుంచి పంపాలో చెట్టుతోనే చెబుతారు. అక్కడి ఓక్ చెట్టుకి సరిపోయింది మన రసాల చెట్టుకి సరిపోదు. డిస్క్ అంచు మళ్ళీ మళ్ళీ తగిలితే బెరడు పగిలి బంక కారుతుంది. అలా గాయపడ్డ బెరడులోనే కాండం తొలిచే పురుగు గుడ్లు పెడుతుంది. పురుగు లోపలికి వెళ్ళాక చెట్టు కొమ్మ కొమ్మకీ ఎండుతూ వస్తుంది. మన రైతులకి ఇది నేను చెప్పాల్సిన పని లేదు.

రెండో కారణం ఇంకా సులువైనది. మార్చిలో పిందె కట్టాక, ఏప్రిల్లో కాయ ఊరాక, చేతిలో డిస్క్ ఉన్న ఏ పిల్లాడూ బుట్ట వైపు చూడడు. చిన్నరసం కొమ్మకి వేలాడుతుంటే చేతిలో ఉన్నదేదైనా రాయే. కాయకి విసిరిన డిస్క్ ఎక్కడ పడుతుందో ఏ ప్లానూ చెప్పలేదు. పైగా పంచాయతీ చెట్ల కాపు వేలం పాడుకున్నవాళ్ళు ఊరుకోరు, రోజూ తగాదాయే. కాబట్టి కాపు కాసే మామిడి చెట్టుకి విసురు దారి దూరంగా ఉండాలి. దాని కింద బల్లలు వేయండి, ఆట చూసేవాళ్ళు కూర్చుంటారు. విసురు దారి పక్కన నీడ కావాలంటే కానుగ, వేప నాటండి. మొక్క ఎదిగేదాకా మొదలు చుట్టూ వెదురు దబ్బలు కట్టించండి.

నేల కూడా అరుగుతుంది. అమెరికాలో ఆస్టిన్ నగరంలో పీజ్ పార్కు అని వాగు ఒడ్డున పాత పార్కు ఉంది. అక్కడి డిస్క్ గోల్ఫ్ కోర్సుకి చాలా పేరుండేది. ఏళ్ళ తరబడి వేలమంది తొక్కిన దారుల్లో గడ్డి పోయి, మట్టి గట్టిపడి, కోత పడి, చెట్ల వేళ్ళు బయటపడ్డాయి. 2010ల మొదట్లో నగరం ఆ కోర్సునే తీసేసి నేలను బాగుచేసుకోవాల్సి వచ్చింది. మన చిన్న ఊళ్ళో అంత రద్దీ ఉండకపోవచ్చు. అయినా ఏడాదికోసారి బుట్టలు చోటు మార్చుకునేలా, ఒక్కో హోల్‌కి రెండు గొట్టాలు ముందే నేలలో పాతించండి. ఒకటి వాడుతుంటే రెండోదాని చుట్టూ గడ్డి కోలుకుంటుంది. గుడివాడ రోడ్డు వైపు నల్లరేగడి అయితే వానాకాలంలో జారుతుంది, ఎండాకాలంలో బీటలిస్తుంది. దిమ్మె కింద ఆ మట్టి తీసి గ్రావెల్ నింపాకే కాంక్రీటు పోయాలి. దిమ్మె పైభాగం నేలకి సమంగా ఉండాలి, అంచు పైకి ఉంటే చీలమండ మెలికపడుతుంది. కాంక్రీటు తడిగా ఉండగానే చీపురుతో గీతలు లాగిస్తే జారదు, నున్నగా పాలిష్ చేయించవద్దు.

బుట్టలు పై దేశం నుంచి తెప్పించక్కర్లేదు. కొలత తెలిస్తే మన వెల్డింగ్ షాపుల్లోనే అవుతుంది, కాదంటే విజయవాడ ఆటోనగర్ ఉంది. బుట్ట అంచు నేల నుంచి 82 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. గొలుసులకి, గొట్టానికి గాల్వనైజింగ్ చేయించాలి, లేకపోతే రెండు వానాకాలాలకి తుప్పు పట్టి చేయి గీరుకుంటుంది. ఇనుప చువ్వల చివర్లు బయటికి పొడుచుకు రాకుండా మడిచి వెల్డ్ చేయించండి. పరిగెత్తుకొచ్చే చిన్నపిల్లల ముఖం సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది.

డిస్కుల కట్టుబాటు గురించి చెబుతానన్నాను. ఈ పార్కులో ‘పట్టర్’ రకం డిస్కులు మాత్రమే అనుమతించండి. వాటి అంచు మందంగా, గుండ్రంగా ఉంటుంది, నెమ్మదిగా పోతాయి, మెత్తటి ప్లాస్టిక్‌లో, తక్కువ బరువులో దొరుకుతాయి. సన్నంచు డ్రైవర్లు ఎవరు తెచ్చినా వద్దనాలి, అమెరికా నుంచి వచ్చిన అన్నయ్య తెచ్చినా సరే. నేను రాసిన కొలతలన్నీ పట్టర్లు నమ్ముకుని రాసినవి. ఒక్క డ్రైవర్ వస్తే 55 మీటర్ల లెక్క తలకిందులవుతుంది. డిస్కులు కొని పంచాయతీ కార్యాలయంలోనో గ్రంథాలయంలోనో ఉంచి, పేరు రాసుకుని ఇచ్చి, తిరిగి తీసుకుంటే ఈ కట్టుబాటు దానంతటదే నడుస్తుంది. కొనే స్తోమత లేని పిల్లలూ ఆడతారు.

వేళలు కూడా మీరే నిర్ణయించాలి. పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా నడిచేవాళ్ళ రద్దీ ఎక్కువ, ఆ గంటన్నర ఆట వద్దు. చీకటి పడ్డాక వద్దు, లైట్లున్నా వద్దు. వేసవి గాలివానల్లో ఉరుము వినిపించగానే ఆపాలి, ఇనుప బుట్ట పక్కన నిలబడే సమయం కాదది. బోర్డు తెలుగులో, బొమ్మలతో, నాలుగే మాటలతో ఉండాలి: నడిచేవాళ్ళు దాటాకే విసరండి, విసిరేవాడి ముందు నిలబడకండి, దారి తప్పితే ‘చూసుకో’ అని గట్టిగా అరవండి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్ళకండి. ప్రారంభించినవారి పేర్ల శిలాఫలకం వేరేచోట పెట్టుకోవచ్చు, ఈ బోర్డు పక్కన మాత్రం వద్దు. పేర్ల మధ్య ఈ నాలుగు మాటలు ఎవరి కంటా పడవు.

ఇంతా రాశాక, కాంక్రీటు పోసే ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది. అన్నిటికంటే ముఖ్యమని నేను నమ్మేది అదే. ముందు రెండు బుట్టలు కదిలే దిమ్మల మీద చేయించి, అనుకున్న చోట పెట్టండి. హైస్కూలు వ్యాయామ ఉపాధ్యాయులని అడిగి, పిల్లల చేత, పెద్దవాళ్ళ చేత, ఎన్నడూ విసరనివాళ్ళ చేత ఓ నెల పాటు ఆడించండి. ఆ వేళల్లో నడక దారి మూసి, ఒక మనిషిని కాపలా పెట్టండి. బలం ఉన్న కుర్రాళ్ళని ఉన్న బలమంతా పెట్టి విసరమనండి. డిస్క్ పడిన ప్రతి చోటా గుప్పెడు ముగ్గు వేయించండి. నెల తిరిగేసరికి చెడ్డ విసుర్ల పటం నేల మీద తెల్లగా కనిపిస్తుంది. నడక దారి మీద ఒక్క ముగ్గు చుక్క ఉన్నా ఆ హోల్ జరపండి, దూరం తగ్గించండి, లేదా తీసేయండి. నా 35 మీటర్లు, 15 మీటర్లు ఆ ముగ్గు ముందు నిలవకపోతే ముగ్గునే నమ్మండి.

అవన్నీ అయ్యాక ప్లాను గ్రామసభలో పెట్టండి. ఆ పార్కులో రోజూ నడిచే ఆడవాళ్ళని, ప్రహరీ ఆనుకుని ఇళ్ళున్నవాళ్ళని, విద్యుత్ లైన్‌మన్‌ని పేరుపేరునా పిలవండి. ఆడబోయేవాళ్ళ అభిప్రాయం ఎలాగూ వస్తుంది. ఆడనివాళ్ళలో ఒక్కరు ‘నాకు భయంగా ఉంది’ అన్నా, ఏ మూల భయమో అడిగి, ఆ మూల మార్చి, మళ్ళీ చూపించండి. కొలతలకి టేపు పట్టుకోవడానికి, ముగ్గు గుర్తులు వేయడానికి, వెల్డింగ్ షాపులో బుట్ట దగ్గరుండి చేయించడానికి నేను వస్తాను. ఎప్పుడు రమ్మంటారో తెలియజేయగలరు.

ఇట్లు,
హనుమాన్ జంక్షన్ నివాసి